పాప జడలు, నా మొక్కు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి ఏసీ కింద నడుం వాల్చానో లేదో ఎవరో తలుపు కొట్టారు. తీస్తే రాయచోటి కుర్రాడూ, అతని భార్యా. వాళ్ళది ఈ కువైట్‌లో మా అబ్బాసియాలోనే, రెండు సందుల అవతల. అతను లాండ్రీ వ్యాను నడుపుతాడు, ఆ అమ్మాయి లేడీస్ టైలర్ దగ్గర కుడుతుంది. కుర్రాడి భుజం మీద మూడేళ్ళ ఆఫ్రికా పిల్లాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. టైలర్ షాపులో ఆ అమ్మాయి పక్క మిషను మీద కుట్టే ఉగాండా ఆవిడ కొడుకట. తన తండ్రి పోయాడని కబురొస్తే ఆవిడ ఉన్నపళంగా ఊరికి బయల్దేరింది. పిల్లాడి పాస్‌పోర్టు రెన్యువల్‌కి వెళ్ళి ఇంకా రాలేదు. తిరిగి వచ్చేదాకా చూసుకోమని వీళ్ళ చేతుల్లో పెట్టి విమానం ఎక్కేసింది. పిల్లాణ్ణి చూసుకోవడానికి ఎవరో ఒకరున్నారు, అంతవరకూ బాగానే ఉంది. పిల్లాడి జుట్టుకి ఏం రాయాలో, కడుపులోకి ఏం పెట్టాలో వీళ్ళకి తెలియదు. నలుగురినీ అడిగితే నలుగురూ నా ఇల్లే చూపించారట.

"మీరు సొంత బిడ్డ మాదిరి పెంచినారంట గదన్నా," అన్నాడు కుర్రాడు. "వదిన మొక్కు మొక్కి పాపకు గుండు కొట్టిస్తే, పాప బాధపడతాదని మీరు గూడా కొట్టిచ్చుకున్నారంట. మా రూముల్లో అందురూ చెప్తారు."

ఆ అమ్మాయి అప్పటికే గోడ మీది ఫోటో చూస్తోంది. అందులో నేనూ, ఒళ్ళో పాపా ఉంటాం. ఇద్దరి గుండ్లకీ గంధం. పాప గుండు చక్కగా గుండ్రంగా మెరుస్తుంటుంది. నాది ఒక పక్క సొట్ట. టీ గ్లాసులు తెస్తున్న నా భార్య గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏమీ విననట్టు గ్లాసులు పెట్టి, నిద్రపోతున్న పిల్లాడి కాళ్ళకి దుప్పటి కప్పింది. నేను గొంతు సవరించుకుని పెద్దమనిషి తరహాలో చాలా సంగతులు చెప్పాను. జుట్టు పొడిగా ఉన్నప్పుడు దువ్వకూడదని, తడిపి నూనె రాసి పెద్ద పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి పైకి రావాలని, స్నానం కాగానే ఒంటికి క్రీము పట్టించాలని చెప్పాను. ఆ అమ్మాయి అన్నీ శ్రద్ధగా విన్నది. వాళ్ళు వెళ్ళిపోయాక నా భార్య గ్లాసులు తీస్తూ నెమ్మదిగా అంది: "నూనె సంగతి చెప్పారు, క్రీము సంగతి చెప్పారు. సెలూన్ సంగతి ఎవరు చెప్తారండీ?"

అందుకే ఇది రాస్తున్నాను. ఇన్నేళ్ళుగా అబ్బాసియాలో తిరుగుతున్న ఆ కథలో మొక్కు మొక్కింది నా భార్య, మంచివాణ్ణి నేను. రెండూ తప్పే.

పాప తల్లి మా పై ఫ్లోరులో ఉండేది. కెన్యా ఆవిడ. నా భార్యా ఆవిడా ఒకే నర్సరీ బడిలో పనిచేసేవాళ్ళు, పొద్దున్నే ఒకే వ్యాను ఎక్కేవాళ్ళు. ఆవిడ భర్త ఎడారిలో ఆయిల్ క్యాంపులో సెక్యూరిటీ గార్డు. పక్షానికోసారి ఇంటికి వచ్చేవాడు. తక్కువ మాట్లాడే మనిషి, మెట్ల మీద ఎదురైతే పక్కకి జరిగి దారి ఇచ్చేవాడు. ఒకరోజు వ్యాను కోసం నిలబడి ఉండగా ఒక కారు అదుపు తప్పి ఫుట్‌పాత్ ఎక్కేసింది. నా భార్య రెండడుగులు వెనక ఉంది. ఆవిడ ముందుంది. తొడ ఎముకా, తుంటీ విరిగాయి. ఆపరేషన్లూ, ఆ తర్వాత నెలల తరబడి మంచమూ అని డాక్టర్లు తేల్చారు. నాలుగున్నరేళ్ళ పాపని క్యాంపుకి తీసుకెళ్ళే వీల్లేదు. మా పిల్లలిద్దరూ మగపిల్లలు, అప్పటికే కాకినాడలో చదువుకుంటున్నారు. ఒక గది ఖాళీగానే ఉంది. నా భార్య నన్ను అడగలేదు, చెప్పింది. నేనూ కాదనలేదు.

ఆపరేషన్‌కి ముందురోజు ఆవిడ పాపని హాస్పిటల్‌కి తెమ్మంది. కాలుకి బరువులు వేలాడదీసి ఉన్నాయి, లేవలేదు. పాపని మంచం మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని, దిండు మీద తల పెట్టి పైకి చూస్తూ, విజిటింగ్ టైమంతా జడలు అల్లింది. నెత్తి మీద చేల గట్లలా సన్నగా, వరసగా జడలు, వాటి చివర్ల తెల్లటి పూసలు. మధ్యలో నొప్పికి పళ్ళు బిగించేది, వేళ్ళు మాత్రం ఆగేవి కావు. ఒక నర్సు వచ్చి ఇక చాలంటే, ఇంకొక్కటే అని వేలు చూపించింది. చివరి పూస ముడి వేశాక పాప తల ఊపింది. పూసలు టకటకలాడాయి. తల్లీ కూతురూ నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసి మేం కూడా నవ్వాం. తల్లి చేతులు పాపకి ఇచ్చి పంపినవి ఆ జడలే అని అప్పుడు నాకు తట్టలేదు.

ఆ పూసల చప్పుడుతో మా ఇల్లు మారిపోయింది. పాప ఏ గదిలో ఉందో చూడకుండానే తెలిసేది. బాత్రూంలో ఉంటే ఒక చప్పుడు, మంచం మీద గెంతుతుంటే ఇంకో చప్పుడు. తెలుగు కూడా అంతే వేగంగా పట్టుకుంది. మా ఆవిడది కోనసీమ, నోట్లోంచి 'అండీ' రాకుండా మాట ముగియదు. పాపకి అదే తెలుగనుకోవడం అలవాటైంది. నన్ను 'బాబాయండీ' అనేది, నా భార్యని 'పిన్నండీ' అనేది. మెట్ల కింద ఉండే పిల్లికి కూడా "రండి, పాలండి" అని మర్యాద చేసేది. బిల్డింగులో మలయాళీలూ, బంగ్లాదేశీలూ కూడా దాన్ని పలకరించి ఒక 'అండీ' అనిపించుకుని నవ్వుకునేవాళ్ళు.

ప్రేమకి లోటు లేదు. ఆ ప్రేమతో మేం చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. ఆడపిల్ల ఇంటికొచ్చిందని నా భార్య ఊరినుంచి తెచ్చుకున్న సున్నిపిండి డబ్బా బయటికి తీసింది. మా ఇళ్ళల్లో పిల్లలకి నలుగు పెట్టడం ఎంత మామూలో, పెడుతూ 'రంగు తేలుతుంది' అనడమూ అంతే మామూలు. ఆ మాట ఎవరి ముందు అంటున్నామో ఆవిడకీ తట్టలేదు, పక్కనే పేపరు చదువుతున్న నాకూ తట్టలేదు. ఇక్కడి పొడిగాలికి పాప మోకాళ్ళూ మోచేతులూ తెల్లగా బూడిదబారేవి. మేం అది మురికనుకుని ఇంకాస్త రుద్దేవాళ్ళం. రుద్దిన కొద్దీ ఇంకా తెల్లబారేది. స్నానమయ్యాక ముఖాన తెల్లపౌడరు. అద్దంలో చూసుకుని పాపే పడీపడీ నవ్వేది.

ఇక తిండి. నేను వరన్నం తిని పెరిగినవాణ్ణి. అన్నం, పప్పు, నెయ్యి కంటే మించినది పిల్లలకి లేదని నా నమ్మకం. పాప రెండు ముద్దలు తిని, ప్లేటు పక్కకి జరిపి, ఇంకేదో వస్తుందన్నట్టు వంటింటివైపు చూస్తూ కూర్చునేది. వారం తిరిగేసరికి చిక్కిపోయింది. నేను అప్పటికీ ఇప్పటికీ దజీజ్‌లో ఒక కార్గో ఆఫీసులో పనిచేస్తున్నాను, ఊళ్ళకి పంపే సామాను ప్యాకింగు చూస్తాను. మా కౌంటర్లో కెన్యా మనిషి ఒకావిడ ఉండేది. ఆఫ్రికా కస్టమర్లందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. భారీ మనిషి, గొంతూ భారీయే. బాక్సు మీద టేపు సరిగ్గా వెయ్యకపోతే గోడౌను చివరిదాకా వినబడేలా పిలిచేది. మీ దేశంలో పిల్లలు ఏం తింటారని ఒకరోజు అడిగాను. ఎందుకని అడిగి, సంగతంతా రాబట్టి, ఆ శుక్రవారమే తెల్ల మొక్కజొన్నపిండి సంచీతో మా ఇంటికి దిగింది.

వేడినీళ్ళలో పిండి పోసి, చెక్కగరిటెతో గిన్నె కదలకుండా తొక్కిపెట్టి కలిపింది. గట్టిగా ముద్దయ్యాక పళ్ళెంలో బోర్లించి, పక్కన ఆకుకూర వేపుడు పెట్టింది. పాప చేత్తో తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో కూర ఎత్తుకుని తినడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. ఆ ముద్ద ఎలా ఉందో తర్వాత మా సెలూన్ అతనికి చెబితే అతను పకపకా నవ్వాడు. అతనిదీ రాయచోటి వైపే. "అది మా సంకటే గదన్నా. మీ కోనసీమోళ్ళు పప్పూ నెయ్యీ తప్ప లోకమే లేదనుకుంటారు," అన్నాడు. చిన్నప్పుడు సంకటి తినేవాళ్ళంటే మా వైపు చిన్నచూపు. ఆ చూపుతోనే నేను ఒక పిల్లని వారం రోజులు పస్తుంచానన్నమాట.

కౌంటరావిడ ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేది. మా సోఫాలో కూర్చుని మా ఇద్దరికీ పాఠం చెప్పేది. మోకాళ్ళది మురికి కాదు, పొడిదనం, పిండి ఆపి వాజలిన్ రాయమంది. పడుకునేటప్పుడు జడలకి సిల్కు గుడ్డ కట్టమంది. రోజూ తల్లితో ఫోనులో వాళ్ళ భాషలో మాట్లాడించమంది. మీరూ నాలుగు ముక్కలు నేర్చుకోండి, పిల్ల కలలో మాట్లాడితే అర్థం కావద్దా అంది. నా భార్య కొన్ని నేర్చుకుంది. నేను రేపు, ఎల్లుండి అన్నాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ఈ జడలు మాత్రం ముట్టుకోవద్దని, విప్పే సమయం వచ్చినప్పుడు తల్లిని అడిగి తనే విప్పి మళ్ళీ అల్లుతానని నాకు ప్రత్యేకంగా చెప్పింది. నాకు స్పష్టంగా గుర్తుంది. తెలియక చేశానని నేను అనడానికి లేదు.

పిల్లలు మనం చెప్పింది కాక మనం అనుకున్నది నేర్చుకుంటారు. మా బిల్డింగు కింద కొందరు తెలుగు కుర్రాళ్ళు పాపని చూసి 'కాకిపిల్ల' అని ముద్దుగా పిలిచేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నేను కువైట్ వచ్చిన కొత్తలో సల్వాలో ఒక ఇంట్లో డ్రైవరుగా చేశాను. ఆ ఇంటి పిల్లలు నన్ను పేరు పెట్టి పిలవకుండా 'హిందీ, ఓ హిందీ' అని, అంటే ఓ ఇండియావాడా అని పిలిచేవారు. వాళ్ళకీ అందులో ద్వేషమేమీ లేదు. అయినా రాత్రి గదిలో పడుకుంటే ఆ పిలుపు చెవిలో గుచ్చుకునేది. అది మర్చిపోయి కాకిపిల్లకి నవ్వాను. ఒక ఉదయం బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగకపోతే తలుపు తీసి చూశాను. మేం పక్కన పడేసిన సున్నిపిండి డబ్బా ముందు పెట్టుకుని పాప చెయ్యి రుద్దుకుంటోంది. చర్మం కందిపోయింది. నన్ను చూసి, ఏడవకుండా, పని ఎంతవరకూ వచ్చిందో కనుక్కుంటున్నట్టు అడిగింది: "ఇది ఎప్పుడు పోద్దండీ, బాబాయండీ?"

నేను కుళాయి కట్టేశాను. నా భార్య వచ్చి డబ్బా తీసి చెత్తబుట్టలో పడేసింది. పాప చేతికి వాజలిన్ రాస్తూ, ఇది పోదు, ఇది మీ అమ్మ ఇచ్చింది, ఎంత బాగుందో చూడు అని అద్దం ముందు నిలబెట్టింది. ఆ రోజు నుంచి రోజూ అదే మాట, అదే అద్దం. కింద కుర్రాళ్ళ దగ్గరికి కూడా ఆవిడే వెళ్ళి, ఇంకోసారి ఆ పిలుపు వినిపిస్తే వాళ్ళ రూముకొచ్చి వాళ్ళమ్మలకి ఫోను కలుపుతానని చెప్పి వచ్చింది.

తర్వాత జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నాడు క్లినిక్ డాక్టరు. మందు వేస్తే తగ్గడం, పూట గడవగానే మళ్ళీ కాలిపోవడం. తల్లి రెండో ఆపరేషన్ తర్వాత ఇంకా మత్తులోనే ఉంటోంది, తండ్రి క్యాంపులో. నా భార్యకి బడిలో అప్పటికే సెలవులు అయిపోయాయి. నేను సెలవు పెట్టి పాప పక్కన కూర్చున్నాను. తడిగుడ్డ వేస్తుంటే పాప వాళ్ళ భాషలో ఏదో అంటోంది, నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. భయమేసింది. ఇంకొకరి బిడ్డ మన చేతుల్లో ఉన్నప్పుడు వేసే భయం మన పిల్లల విషయంలో కూడా వెయ్యదు. మా ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా మా అమ్మ ఇలవేల్పుకి తలనీలాలు మొక్కేది. నా పిల్లలిద్దరికీ నేనూ అలాగే మొక్కాను. ఆ మధ్యాహ్నం చేతులు జోడించి, ఈ జ్వరం తగ్గితే పాప తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. మరుసటి రోజు పొద్దునకి ఒళ్ళు చల్లబడింది. పాప లేచి, సంకటి అడిగింది.

నా భార్యకి చెబితే, వాళ్ళమ్మని అడగకుండా ముట్టుకోవద్దంది. మొక్కు తీర్చకుండా ఉంచితే మళ్ళీ తిరగబెడుతుందేమోనని నా బెంగ. ఆవిడ బడికి వెళ్ళగానే పాపని చెయ్యి పట్టుకుని సెలూన్‌కి తీసుకెళ్ళాను. దారంతా పూసలు టకటకలాడుతూనే ఉన్నాయి. రాయచోటి అతను పాపని కుర్చీ చేతుల మీద పలక వేసి కూర్చోబెట్టి, జడలు చూసి చెయ్యి ఆపాడు.

"వాళ్ళమ్మకు తెల్సునా అన్నా?"

"తెలుసు," అన్నాను.

అతను ముందు కత్తెరతో జడలు కత్తిరించాడు. పాప ఏడవలేదు. రెండు దోసిళ్ళూ గడ్డం కింద పట్టి, రాలే పూసల్ని అందుకుంది. కొన్ని నేలమీద పడి కుర్చీ కిందకి దొర్లిపోయాయి. అతను కత్తెర పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని వాటిని ఏరి పాపకి ఇచ్చాడు. అప్పుడు పాప అద్దంలో నా వైపు చూసి అంది: "అమ్మ చేసిందండీ."

మళ్ళీ వస్తుందిలే అన్నాను. ఇంటికొచ్చాక గుండుకి గంధం రాశాను. నల్లటి నున్నటి తల మీద పచ్చటి గంధం నా కంటికి ఎంతో ముద్దుగా కనబడింది. నా పిల్లలకి చేసిందే దీనికీ చేశాను, తేడా చూపించలేదు అని నాలో నేను పొంగిపోయాను కూడా. సాయంత్రం నా భార్య వచ్చింది. ఇంట్లో చప్పుడు లేదేమిటని అడిగింది. పాప గుమ్మంలోకి వచ్చి పిడికిలి తెరిచి పూసలు చూపించింది. ఆవిడ పాపని ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మరునాడు హాస్పిటల్‌కి వెళ్ళాం. తల్లి ఆ రోజే కాస్త తేరుకుని కూర్చుంది. పాపని చూడగానే ఆవిడ చెయ్యి పైకి లేచి, గాలిలోనే ఆగిపోయింది. మొక్కు సంగతి చెబుదామనే నోరు తెరిచాను. ఆ ఆగిపోయిన చెయ్యి చూసేసరికి నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. పేలు పడ్డాయి, డాక్టరు తీయించెయ్యమన్నాడు అన్నాను. ఆవిడ ముఖం మీది రంగు ఎలా దిగిపోయిందో నేను చూశాను. నల్లటి ముఖం పాలిపోదని ఎవరన్నా అంటే నమ్మకండి. ఆవిడ నా వైపు చూసి, "సారీ బ్రదర్. నేను సరిగ్గా చూసుకోలేదు," అంది.

నాకే క్షమాపణ చెప్పింది. నా భార్య తల దించుకుని నేల చూస్తోంది. నేను 'ఫర్వాలేదు' అన్నాను. అదీ అన్నాను.

శుక్రవారం కౌంటరావిడ వచ్చింది. పేల కథ ఆవిడ దగ్గర నిలవలేదు. పోయిన వారమే తల చూశాను, ఒక్కటి లేదు అంది. మొక్కు సంగతి ఒప్పుకున్నాను. ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "నీ దేవుడికి నీ జుట్టు ఇవ్వచ్చుగా," అంది, ఆ పెద్ద గొంతుని చిన్నది చేసుకుని. ఈ సంగతి తల్లికి తను చెప్పదట, నేనే చెప్పాలట. మర్నాడు నేను సెలూన్‌కి వెళ్ళి నా నెత్తిన మిగిలినదేదో తీయించేశాను. పాప సంబరంగా నా సొట్టగుండుకి తనే గంధం పూసింది. కింద కుర్రాళ్ళెవరో ఫోటో తీశారు. పాప బాధపడకూడదని ఈయన కూడా గుండు చేయించుకున్నాడన్న కథ ఆ ఫోటోతోనే పుట్టింది. నేను కాదనలేదు. నిజానికి అది దేవుడికీ కాదు, పాపకీ కాదు. తల్లికి చెప్పాల్సిన మాట చెప్పలేక చేసిన పని.

అంతటితో పోయేది కాదు అది. పక్షం తిరిగేసరికి తండ్రి క్యాంపు నుంచి వచ్చాడు. పేల సంగతి భార్య నోటే విన్నాడు. మా ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, మీకు చాలా శ్రమ ఇచ్చాం అన్నాడు. తన భార్య ఒంట్లో బాగున్నప్పుడే పిల్లని శుభ్రంగా ఉంచలేకపోయిందంటే ఇక లేవలేని మనిషి ఏం చూస్తుంది, నెలాఖరుకి పాపని ఊళ్ళో తన తల్లి దగ్గరికి పంపేస్తానన్నాడు. ఆవిడ కూడా సరేనందట. తనకే చేతకాలేదని నమ్మేసింది కాబట్టి సరేనంది. ఆ పాప మంచం పక్కకి వచ్చి కూర్చునే ఆ సాయంకాలాలే ఆవిడకి మిగిలినవి. అవి కూడా నా మాట వల్లే పోతున్నాయి. అతను మెట్లెక్కి వెళుతుంటే వెనక నుంచి పిలుద్దామని లేచాను. లేచి, ఫ్యాను స్విచ్చి వేసి కూర్చున్నాను.

ఆ సాయంత్రం నా భార్య చీర మార్చుకుని, పాపకి చెప్పులు తొడిగి, నన్నూ రమ్మంది. హాస్పిటల్లో భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. నా భార్య మంచం దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. పేలు లేవు, ఎప్పుడూ లేవు. పాప తల నీ చేతుల్లో ఎంత శుభ్రంగా ఉందో మా ఇంటికి వచ్చిన రోజూ అంతే శుభ్రంగా ఉంది. జ్వరానికి భయపడి మా దేవుడికి మొక్కాం. తర్వాత ఒక్క క్షణం ఆగింది. నేను తన వెనకే ఉన్నాను. నా వైపు తిరగలేదు. "నేనే మొక్కాను. నేనే చేయించాను. భయపడి అబద్ధం చెప్పించాను," అంది.

అప్పుడు పాప తల్లి చెవి దగ్గరికి వంగి వాళ్ళ భాషలో ఏదో అంది. తల్లి దాని పెదాల మీద వేలు పెట్టి నిమిరింది. మంచినీళ్ళు అడుగుతోందేమోనని నేను బాటిల్ కోసం వెతికాను. ఆవిడ నా భార్య వంకే చాలాసేపు చూసింది. తర్వాత పాప తల ఒళ్ళోకి తీసుకుని, గరుకుగా మొలుస్తున్న జుట్టు మీద అరచెయ్యి తిప్పింది. భర్తతో రెండు ముక్కలు చెప్పింది. టికెట్ వద్దన్నదని అతని ముఖం చూస్తే తెలిసింది. నా భార్యతో మాత్రం, జుట్టు వచ్చాక శుక్రవారాలు రా, నీ చేతులకి నేర్పిస్తాను అంది.

ఎందుకు నీ మీద వేసుకున్నావని ఇంటికొచ్చి అడిగాను. "ఆయన ముందు మీరు చెప్పలేరండి. నెలాఖరు దాకా ఆగితే పాప వెళ్ళిపోద్ది," అంది. కోపంగా కాదు, కూర తరుగుతూ అంది.

ఆ వేసవంతా పాప జుట్టుతోనే గడిచింది. వేలెడు పొడుగు రాగానే తల్లి మంచం మీదినుంచి చెబుతుంటే నా భార్య పాయలు తీసేది. గట్లు వంకరపోయేవి. తల్లి విప్పించి మళ్ళీ అల్లించేది. కౌంటరావిడ పక్కన కూర్చుని వెక్కిరించేది. రాలిన పూసలే మళ్ళీ జడలకి ఎక్కాయి. ఇల్లు మళ్ళీ టకటకలాడింది. తల్లి చేతికర్ర మీద మెట్లెక్కి వచ్చిన రోజున పాప తన చిన్నబ్యాగు తనే మోసుకుని, "వెళ్ళొస్తానండీ," అని పై ఫ్లోరుకి వెళ్ళింది. కొన్నాళ్ళకి వాళ్ళు ముగ్గురూ ఇక్కడి ఉద్యోగాలూ వీసాలూ ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయారు. ఆవిడ ఇప్పుడు అక్కడే చిన్న నర్సరీ నడుపుతోంది. పండగలకి ఫోను చేస్తుంది, నా భార్యతో గంటలు మాట్లాడుతుంది. నన్ను క్షేమం అడుగుతుంది. నేను బాగున్నానంటాను.

రాయచోటి వాళ్ళు వచ్చి వెళ్ళిన మర్నాడు సాయంత్రం నేనే ఫోను చేశాను. వీడియోలో ఆవిడ, వెనక వంటిల్లు. పండగ కాదు కదా, ఏమైందని కంగారుపడింది. సెలూన్ సంగతి మొదలుపెట్టాను. మొక్కింది నేను, తీసుకెళ్ళింది నేను, పేలన్నదీ నేను, నా భార్య వద్దన్నది, అన్నీ చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ చెప్పలేనని ఆగకుండా చెప్పాను. ఆవిడ అంతా విని, చేతులు తుడుచుకుని, ఫోను దగ్గరికి తెచ్చుకుంది.

"బ్రదర్, నాకు ఆ రోజే తెలుసు. మీ ఆవిడ 'నేనే' అన్నప్పుడు పాప నా చెవిలో చెప్పింది, పిన్ని కాదమ్మా, బాబాయి తీసుకెళ్ళాడు, నేను పూసలు పట్టుకున్నాను అని."

మరి ఎందుకు అనలేదని అడిగాను. "నీ భార్య నా బిడ్డని నా దగ్గర ఉంచడానికి తన మీద వేసుకుంది. దాన్ని కాదనడం నాకు ఇష్టంలేకపోయింది," అంది. తర్వాత నవ్వింది. "నువ్వు ఎప్పుడో ఒకప్పుడు చెబుతావనుకున్నాను. మరీ ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు."

పాప ఆ గదిలోకే వచ్చింది. తల్లంత పొడుగయింది. నన్ను చూసి ఫోను లాక్కుంది. "బాబాయ్, బాగున్నారాండీ?" అంది. తెలుగు అంతవరకే మిగిలింది. తలంతా సన్నటి జడలు, పూసలు మాత్రం లేవు. పూసలేవని నేను సైగ చేసి అడిగితే, అవి చిన్నపిల్లలవని సైగతోనే చెప్పి నవ్వింది. నా భార్య వంటింట్లోంచి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. గట్లు ఎవరు తీశారు, వంకరగా ఉన్నాయే అని వెక్కిరించింది.

రేపు శుక్రవారం. ఆ కుర్రాడూ, అతని భార్యా పిల్లాణ్ణి తీసుకుని మళ్ళీ వస్తామన్నారు. నా భార్య తెల్ల మొక్కజొన్నపిండి తెప్పించి పెట్టింది. నేను ఈసారి నూనె దగ్గర కాక, సెలూన్ దగ్గర మొదలుపెడతాను. ఆ పిల్లాడి భాషలో నాలుగు ముక్కలు ముందుగా నేర్చుకోమని కూడా చెబుతాను. హాస్పిటల్లో నా ముందే పాప చెప్పిన మాట నాకు చేరకపోవడానికి కారణం అదే కదా. పాప జుట్టుకి పూసలు మోసేంత పొడుగు రావడానికి ఒక్క వేసవి చాలింది. నా నోట్లో ఆగిన మాట బయటికి రావడానికి ఎన్ని వేసవులు పోయాయో, ఆ పాప ఎత్తు చూస్తే తెలుస్తుంది.